ఐదక్షరాల ఇంగ్లిష్ పదం.. మధ్యలో ఏ, చివర్లో ఈ.. వెతికేదెలా?

జోగుళాంబ గద్వాల జిల్లాలోని అయిజ. తెలుగులో రాస్తే మూడక్షరాలు. అదే పేరు ఇంగ్లిష్‌లో ఒకచోట ఐ-ఈ-ఈ-జె-ఏ అని ఐదక్షరాల్లో, ఇంకోచోట ఏ-ఐ-జెడ్-ఏ అని నాలుగక్షరాల్లో కనిపిస్తుంది. ఫోన్‌లో వర్డ్ గేమ్ ఓపెన్ చేసిన తెలుగువాళ్లకు మొదట తగిలే చిక్కు కూడా ఇదే. మనం పదాన్ని చెవితో పట్టుకుంటాం.. ఆట మాత్రం గళ్లు లెక్కపెడుతుంది.

‘రైట్’ అనే మాటే చూడండి. వినడానికి ఒకటే. కుడి అనే అర్థంలో అయితే ఆర్-ఐ-జి-హెచ్-టి. రాయడం అయితే డబ్ల్యు-ఆర్-ఐ-టి-ఈ. రెండూ ఐదక్షరాలే కానీ కామన్‌గా ఉన్నవి మూడే: ఆర్, ఐ, టి. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి 1-8 తరగతులకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఈ తేడా ఆటలోనే కాదు, డిక్టేషన్‌లోనూ మార్కులు పోగొడుతుంది.

ఐదక్షరాల పిచ్చి ఎక్కడిది?

జోష్ వార్డిల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ తయారుచేసిన ‘వర్డల్’ 2021 అక్టోబరులో జనంలోకి వచ్చింది. 2022 జనవరి నెలాఖరులో న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొనేసింది. రోజుకు ఒకటే పదం, ఆరు ఛాన్సులు. అక్షరం సరైన గడిలో పడితే ఆకుపచ్చ, పదంలో ఉండి చోటు తప్పితే పసుపు, అసలు లేకపోతే బూడిద రంగు.

ఎక్కువగా వచ్చే అక్షరాలేవో తెలియాలంటే స్క్రాబుల్ డబ్బా చూస్తే చాలు. దాన్ని కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ పేపర్లలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో కూర్చుని లెక్కపెట్టాడు. ఇంగ్లిష్ సెట్‌లోని 100 బిళ్లల్లో ఈ 12 ఉంటాయి. ఏ, ఐ తొమ్మిదేసి. ఓ 8. ఎన్, ఆర్, టి ఆరేసి. క్యూ, జెడ్ ఒక్కొక్కటే. అందుకే ‘క్రేన్’, ‘స్లేట్’ లాంటి పదాలతో మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ.

ఇప్పుడు అసలు లెక్క

మూడో గడిలో ఏ, ఐదో గడిలో ఈ ఖాయం. ఆర్ ఎక్కడో ఉంది. డిక్షనరీ మొత్తం తిరగక్కర్లేదు. వాడుకలో ఉన్న పదాల్లో ఆర్ దాదాపుగా రెండు చోట్లే కూర్చుంటుంది. రెండో గడిలో అయితే బ్రేవ్, ట్రేడ్, ఫ్రేమ్, క్రేన్. నాలుగో గడిలో అయితే షేర్, స్పేర్, స్కేర్, గ్లేర్. పసుపు రంగు ఆర్ రెండో గడిలో వచ్చిందంటే మొదటి గుంపు మొత్తం ఎగిరిపోయినట్టే.

చాలామంది బోల్తాపడేది దీని తర్వాతే. జి-ఆర్-ఏ-ఖాళీ-ఈ అని, టి లేదని తేలిందనుకోండి. గ్రేస్, గ్రేడ్, గ్రేప్, గ్రేవ్, గ్రేజ్.. ఐదూ సరిపోతాయి. ఛాన్సులు మూడే మిగిలితే వరుసగా కొట్టుకుంటూ పోవడం జూదమే. అలా కాకుండా ఒక ఛాన్సు కావాలనే వదులుకోండి. సి-ఓ-పి-ఈ-డి కొట్టండి. సి, పి, డి మూడూ ఒకేసారి తేలిపోతాయి. ఏదీ వెలగకపోతే ఇక మిగిలింది వి లేదా జెడ్.. రెండు ఛాన్సులు చేతిలోనే ఉన్నాయి. హార్డ్ మోడ్‌లో మాత్రం ఈ ఎత్తు కుదరదు. దొరికిన అక్షరాలను అక్కడ ప్రతిసారీ వాడి తీరాలి.

ఒకే అక్షరం రెండుసార్లు రావచ్చన్నది కూడా మర్చిపోతుంటారు. ‘ఎరేజ్’లో ఈ రెండున్నాయి. ఏ, ఈ, ఐ, ఓ, యు ఏవీ వెలగకపోతే కంగారొద్దు, వై పెట్టి చూడండి: నింఫ్, లింఫ్, క్రిప్ట్.

ఫోన్‌లో వెతకాలంటే..

వన్‌లుక్ లాంటి డిక్షనరీ సైట్లలో తెలియని గడికి ప్రశ్నార్థకం పెడితే చాలు. పైన చెప్పిన లెక్కకు రెండు ప్రశ్నార్థకాలు, ఏ, ఇంకో ప్రశ్నార్థకం, ఈ అని కొట్టాలి. లిస్టులో పాత పదాలు, ఎవరూ వాడనివీ చాలా వస్తాయి. వర్డల్ జవాబులు ఎక్కువగా తెలిసిన మాటలే కాబట్టి వాటిని పక్కన పెట్టేయొచ్చు. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు కూడా చెల్లవు.. అంటే ఐదక్షరాల స్పెల్లింగ్ ఉన్నా అయిజకు ఛాన్సు లేదు.

పదాలు వెతికిపెట్టే యాప్‌కు మీ కాంటాక్టులతో, మెసేజ్‌లతో పనిలేదు. పర్మిషన్ అడిగితే తీసేయండి. పదం కనిపెడితే క్యాష్ అంటూ ముందుగా డబ్బు కట్టమనేవి వేరే బాపతు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ కేంద్రం 2025 ఆగస్టులో చట్టం తెచ్చింది. తెలంగాణలో అయితే 2017 నుంచే నిషేధం ఉంది.