ఒకే కణం, ఇద్దరు శత్రువులు

విజయవాడలో ఉన్న మా అన్నయ్యకి రెండోసారి డెంగ్యూ వచ్చిందని ఫోన్ వచ్చేసరికి నేను రీడింగ్ స్టేషన్‌లో ఆక్స్‌ఫర్డ్ రైలు కోసం నిలబడి ఉన్నాను. "ఒకసారి వచ్చి తగ్గింది కదరా, ఈసారి అంత బాధ పెట్టదులే" అంది అమ్మ. ఆటలమ్మ నేర్పిన అనుభవం అది. కానీ మొదటిసారి మామూలు జ్వరంతో బయటపడ్డ అన్నయ్య, ఈసారి ఐదు రోజులు ఐసీయూలో ఉన్నాడు. నేను కంప్యూటర్లవాణ్ణి, వైద్యం తెలియదు. అయినా ఎందుకిలా అయిందని చదవడం మొదలుపెడితే, జవాబులో ఒక ముక్క ఆ రైలు వెళ్ళే ఊళ్ళోనే దొరికింది.

ఒక వైరస్‌ని ఎరిగిన శరీరం దాని చుట్టాన్ని కూడా గుర్తుపట్టగలదని 1796లోనే ఎడ్వర్డ్ జెన్నర్ చూపించాడు. ఆవుల మశూచి సోకించి మనుషుల మశూచిని ఆపాడు. అయితే ఆ పని చేసే కణాలు ఏవి, ఎన్ని? మన రక్తంలోని టీ కణాలు వైరస్‌ని నేరుగా చూడవు. జబ్బుపడిన కణం తన పైన ఒక పళ్ళెంలాంటి ప్రొటీన్‌లో పెట్టి చూపించే వైరస్ ముక్కనే చూస్తాయి. ఆ ప్రొటీన్ కూడా ఉంటేనే టీ కణాలు వైరస్‌ని గుర్తుపడతాయని 1974లో జింకర్‌నాగెల్, డోహర్టీ కనిపెట్టారు. అప్పట్లో వాటిని లెక్కపెట్టాలంటే గిన్నెల్లో రోజుల తరబడి పెంచాల్సి వచ్చేది. మధ్యలో చచ్చిపోయినవి లెక్కలోకి వచ్చేవి కావు.

1996లో స్టాన్‌ఫర్డ్‌కి చెందిన జాన్ ఆల్ట్‌మన్, మార్క్ డేవిస్, ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన ఆండ్రూ మెక్‌మైకేల్ తదితరులు ఒక చక్కటి ఉపాయం ప్రకటించారు. ఒక్క పళ్ళెం టీ కణానికి సరిగా అంటుకోదు, జారిపోతుంది. నాలుగింటిని కలిపి కడితే గట్టిగా పట్టుకుంటుంది. దానికి మెరిసే రంగు తగిలిస్తే, లేజర్ యంత్రం సెకనుకి వేల కణాలను పరీక్షించి రంగున్నవాటిని లెక్కపెడుతుంది. దీని పేరు టెట్రామర్. రెండు వైరస్‌ల ముక్కలకు రెండు రంగులు వేస్తే, రెండు రంగులతోనూ మెరిసిన కణం ఇద్దరు శత్రువులనూ గుర్తుపట్టేదన్నమాట!

మనం గర్వపడే సంగతి ఇంకొకటుంది. హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో చదివిన రఫీ అహ్మద్ బృందం అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో ఈ పనిముట్టు వాడింది. కాజా మురళీకృష్ణ మొదటి రచయితగా 1998లో వచ్చిన వారి వ్యాసం పాత లెక్కలను తారుమారు చేసింది. వైరస్ సోకిన ఎలుకల్లో పోరుకి లేచిన ఒక రకం టీ కణాల్లో ఎక్కువ భాగం దారినపోయేవి అనుకునేవారు. నిజానికి 50 నుంచి 70 శాతం ఆ వైరస్‌ని గుర్తుపట్టినవే!

ఇక డెంగ్యూ. అందులో నాలుగు రకాలున్నాయి. 2003లో ఆక్స్‌ఫర్డ్, థాయ్‌లాండ్ శాస్త్రజ్ఞులు టెట్రామర్లతో జబ్బుపడిన పిల్లల రక్తం పరీక్షించారు. చాలా టీ కణాలు ఇప్పుడు సోకిన రకం కంటే, బహుశా ఇంతకుముందు సోకిన రకాన్నే గట్టిగా పట్టుకున్నాయి. పాత శత్రువు ముఖమే గుర్తున్న సైన్యం కొత్తవాడి మీద హడావుడి చేసినట్టు! పాత యాంటీబాడీల పాత్ర కూడా ఇందులో ఉంది.

అన్నయ్య కోలుకున్నాడు. రెండోసారి డెంగ్యూ వచ్చిన అందరికీ ముదరదు, కానీ ముదిరే ప్రమాదం మొదటిసారి కంటే ఎక్కువ. వానాకాలంలో ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ ఒక్కమాట మీ అమ్మానాన్నలకు చెప్పండి. "ఒకసారి వచ్చింది కదా" అన్న ధీమా డెంగ్యూ విషయంలో పనికిరాదు.