పడుకోబెట్టి కట్టు, తరవాత తిప్పు

నెగడు దగ్గరికి జరుగు బాబూ, చలి దిగిపోయింది. ఆ కాగితం ఇలగియ్యి. ఐటీఐలో రోలింగ్ ఆఫ్‌సెట్ సూత్రం రాయించారా? సూత్రం సరిగ్గానే ఉంది. కానీ అది ఎక్కడినుంచి పుట్టిందో తెలీకుండా బట్టీ పట్టకు. మా మేస్త్రీ దగ్గర నేను చూసింది చెప్తాను, విను.

మా కాలంలో పార్వతీపురం కుర్రాళ్లకి ఇనుము పని కావాలంటే రైలెక్కడమే. దిగువకి పోతే విశాఖపట్నం. అక్కడ 1957లో మొదలైన కాల్టెక్స్ రిఫైనరీ ఉండేది, ఓడలు కట్టే యార్డు ఉండేది. ఎగువకి పోతే రాయగడ. ఆ పక్కనే జేకేపూర్‌లో 1962లో స్ట్రా ప్రొడక్ట్స్ వాళ్లు కాగితం మిల్లు పెట్టారు. మనకి దగ్గర అదే. గుమడ, కూనేరు, జిమిడిపేట దాటి దిగిపోయేవాళ్లం.

కాగితం మిల్లంటే కాగితం చుట్టలే అనుకుంటావు. లోపల గొట్టాల అడివిరా అది! వెదురు ముక్కల్ని డైజెస్టర్లో వేసి ఉడికించడానికి ఆవిరి లైను. ఉడికాక మిగిలే నల్ల లిక్కర్ని చిక్కబరిచి బాయిలర్లో మండిస్తారు, దానికో లైను. గుజ్జుకొకటి, నీళ్లకొకటి. ఒకదాని దారికి ఇంకొకటి అడ్డం. పైకెత్తి తప్పిస్తే దూలం తగులుతుంది, పక్కకి తిప్పితే స్తంభం తగులుతుంది. కాబట్టి ఎత్తూ పెరగాలి, పక్కకీ జరగాలి, రెండూ ఒకే ముక్కలో అవ్వాలి. ఎత్తుని సెట్ అంటారు, పక్కకి జరిగేదాన్ని రోల్ అంటారు. రెండు ఎల్బోల మధ్యన వాలుగా పోయే ముక్క ట్రావెల్.

మా మేస్త్రీ పెద్దగా చదువుకోలేదు. ఆయన పెట్టెలో మూలమట్టం, టేపు, తూకం గుండు, రసమట్టం, సుద్దముక్క ఉండేవి. ఒకరోజు ఆరంగుళాల ఆవిరి లైను అలాగే తిప్పాల్సి వచ్చింది. సెట్ 600 మిల్లీమీటర్లు, రోల్ 800. కొలతలన్నీ గొట్టం నడిమధ్య నుంచి నడిమధ్యకే తీశాడు. ఆయన కాగితం తియ్యలేదు. మూలమట్టం ఒక చెయ్యి మీద 60 సెంటీమీటర్ల దగ్గర, రెండో చెయ్యి కురచని పక్కన బద్ద కలిపి 80 దగ్గర సుద్దతో గీసి, ఆ గీత నుంచి ఈ గీతకి ఏటవాలుగా టేపు పట్టాడు. సరిగ్గా 100 సెంటీమీటర్లు. "ఇప్పుడు రెండు కొలతలు పోయి ఒకటే మిగిలింది, చూశావేటి?" అన్నాడు.

నీ పుస్తకంలో 600 వర్గం, 800 వర్గం కలిపి వర్గమూలం తియ్యమంటుంది, అదీ ఇదీ ఒకటే. పూర్వం యజ్ఞవేదికలు కట్టినవాళ్లు తాడు పట్టి తీసిన కర్ణం కూడా ఇదే, ఆపస్తంబుడి శుల్బసూత్రాల్లో ఉంది. చదరం కర్ణానికి వాళ్లు కట్టిన విలువని ఇప్పటి లెక్కలో 577ని 408తో భాగించినట్టు రాస్తే 1.4142 వస్తుంది. మన 45 డిగ్రీల ఎల్బోకి గుణించే 1.414 అదేరా!

మేస్త్రీ కొలిచిన ఆ 100 సెంటీమీటర్లని, అంటే 1000 మిల్లీమీటర్లని, 1.414తో గుణిస్తే ట్రావెల్ 1414. ఇది ఎల్బో మధ్య నుంచి ఎల్బో మధ్యకి. కోసే ముక్క ఇంత కాదు. ఆరంగుళాల 45 లాంగ్ రేడియస్ ఎల్బోకి మధ్య నుంచి అంచుకి 95. రెండింటికి 190 తీస్తే 1224. వెల్డింగు సందు అటో 3, ఇటో 3 వదిలితే 1218. అంత కొయ్యాలి. గొట్టం ముందుకి సాగేది 1000. అంటే 600 ఎత్తు, 800 వెడల్పు, 1000 పొడుగు ఉన్న పెట్టెలో కింది మూల నుంచి ఎదురు పై మూలకి గొట్టం పోతున్నట్టు. నువ్వు ముందు ఆ పెట్టెని కంటితో చూడాలి. చూశాక లెక్క దానంతటదే వస్తుంది.

ఏటి నవ్వుతున్నావు? 600, 800 కలిపేస్తే 1400 వస్తుంది, 1414కి దగ్గరే కదా అనా? నాకు తెలుసు, ప్రతి కుర్రాడూ ఇక్కడే పడతాడు. 500, 1200 తీసుకో. కలిపితే 1700. మూలమట్టం మీద కొలిస్తే 1300. ట్రావెల్ 1838. ఎక్కడికి పోయింది నీ కూడిక? ఆవిరి లైనులో 14 మిల్లీమీటర్ల తేడా కూడా చిన్నది కాదు. ఇంకోచోట ఒక కాంట్రాక్టరు దగ్గర పొట్టి ముక్కని చైన్ పుల్లీతో లాగి ఫ్లాంజి బిగించారు. ఆవిరి వదిలి గొట్టం వేడెక్కి సాగేసరికి ఆ ఫ్లాంజే ముందు కారింది. బలవంతంగా కలిపిన జాయింటు లోపల ఆ లాగుడు అలాగే ఉండిపోతుంది.

ఇక అసలు పనితనం ఇక్కడుంది. రెండు ఎల్బోలూ, ట్రావెల్ ముక్కా గాల్లో పట్టుకుని తిప్పలు పడే ఫిట్టర్లని చూశాను. మేస్త్రీ అలాగ చెయ్యలేదు. చదును నేల మీద పడుకోబెట్టి, 1000 పక్కకి పోయే మామూలు ఆఫ్‌సెట్ లాగే ట్యాక్ కొట్టాడు. రెండు చివరలూ సమాంతరంగా ఉన్నాయో లేదో రసమట్టంతో చూసుకున్నాడు. ఆ తరవాత మొత్తాన్ని ఎత్తి, లైను మీద తిప్పాడు. ఎంత తిప్పాలి? నిలువు నుంచి పక్కకి 53 డిగ్రీలు. ఆరంగుళాల గొట్టం బయటి వ్యాసం 168.3, చుట్టుకొలత 529 దాకా ఉంటుంది. అందులో 53 డిగ్రీల వంతు 78. గొట్టం నెత్తిన గీత పెట్టి, జరగాల్సిన వైపుకి చుట్టూ 78 కొలిచి ఇంకో గీత. ఎల్బో లోపలి వంపు మధ్యగీత దాని మీద కూర్చోవాలి. కూర్చుంది. పై చివర వెళ్లి ఎదురు లైనుతో కలిసింది. మేస్త్రీ పక్కన నిలబడి అది చూశాక ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు, అంత సంబరం.

60 డిగ్రీల ఎల్బోకి గుణకం 1.155, 30కి 2, 22న్నరకి 2.613. ఇవి మాత్రం నోటికి రావాలి. ఎల్బో మారితే గుణకం మారుతుంది, మూలమట్టం మీద కర్ణం మారదు.

తరవాత విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ రోజులొచ్చాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది, పీవీ నరసింహారావు జాతికి అంకితం చేసింది 1992లో. ఆ రెండేళ్ల మధ్య కాలంలో మన కొండల కుర్రాళ్లు ఎందరో ఫిట్టర్లయ్యారు. జాతాపు, సవర పిల్లలు హెల్పర్లుగా వచ్చి, పేరున్న పనివాళ్లయ్యారు. వాళ్ల గురించి ఎక్కడా రాయలేదు, అది నాకు బాధే.

మన కొండల్లో ఊట నుంచి ఊరికి నీళ్లు దింపే లైన్లలో కూడా ఇదే పని. అక్కడ వెల్డింగు లేదు, జీఐ గొట్టం, మరలు, జనపనార, సఫేదా. పది మీటర్లు దిగితే చదరపు సెంటీమీటరుకి కిలో ఒత్తిడి పెరుగుతుంది, అరవై మీటర్లు దిగిన చోట ఆరు కిలోలు. వంకరగా బిగించిన మర అక్కడ ఆగదు. ఇప్పుడు నల్ల ప్లాస్టిక్ గొట్టం చుట్టలు వచ్చాయి, బండరాయి చుట్టూ అదే వంగుతుంది. కానీ ట్యాంకు దగ్గర, వాల్వు గుంట దగ్గర ఇనుము తప్పదు. మరల ఎల్బోకి 95 తీసెయ్యకు, దాని కొలత వేరు. మర ఎంత లోపలికి పోతుందో ముందు చేత్తో బిగించి చూసుకుని, అప్పుడు కొయ్యి.