పక్క రాష్ట్రంలో కాన్సులేట్ ఉండదు

భద్రాచలంలో బస్సెక్కి చింతూరు మీదుగా కుంట వెళ్తే, 2014 తర్వాత ఆ ఒక్క ప్రయాణంలోనే మూడు ప్రభుత్వాలు మారతాయి. తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్. అడవి మాత్రం ఒక్కటే. అటూ ఇటూ ఉన్న కోయవాళ్ళకి ఈ గీతలతో పెద్దగా పని లేదు. పోలీసులకుంది.

2016 డిసెంబర్ 25న హైదరాబాద్ నుంచి ఏడుగురు నిజనిర్ధారణకని బస్తర్ బయల్దేరారు. తెలంగాణ డెమొక్రటిక్ ఫోరం తరఫున. వాళ్ళలో లాయర్లున్నారు. దుమ్ముగూడెం దగ్గర మన పోలీసులే ఆపి, పక్క రాష్ట్రం పోలీసులకి అప్పగించేశారని అప్పట్లో గొడవైంది. మావోయిస్టుల కోసం లక్ష రూపాయల పాత నోట్లు మార్చడానికి వచ్చారని ఆరోపణ (నోట్ల రద్దు రోజులు కదా!). ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక ప్రజా భద్రతా చట్టం కింద కేసు. నెలల తరబడి సుక్మా జైల్లో ఉన్నారు.

పరాయి దేశంలో అరెస్టయితే 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం మన కాన్సులేట్‌కి కబురు చేయమని అడగొచ్చు, వాళ్ళొచ్చి చూసి వెళ్ళొచ్చు. 1970లో నక్సలైట్లతో దొరికిన ఇంగ్లీషావిడ మేరీ టైలర్ ఐదేళ్ళు బీహార్ జైళ్ళలో మగ్గినా, ఆవిణ్ణి పలకరించడానికి బ్రిటిష్ అధికారులుండేవారు. 1975లో కేసు ఎత్తేసి పంపేశారు కూడా. హైదరాబాద్ లాయరు సుక్మాలో ఇరుక్కుంటే ఎవరొస్తారు? పక్క రాష్ట్రంలో మనకి రాయబారి ఉండడు.

తమాషా ఏంటంటే, అదే సుక్మాకి నాలుగేళ్ళ ముందు హైదరాబాద్ నుంచే రాయబారి వెళ్ళాడు. 2012 ఏప్రిల్ 21న కలెక్టర్ అలెక్స్ పాల్ మీనన్‌ని మావోయిస్టులు ఎత్తుకుపోయారు. ఆయన గన్‌మెన్లు ఇద్దరినీ చంపేశారు. దీన్ని ఏ సిద్ధాంతంతోనూ సమర్థించలేం, నేనైతే సమర్థించను. అప్పుడు మావోయిస్టుల తరఫున మాట్లాడటానికి కూర్చున్నది ప్రొఫెసర్ హరగోపాల్, బస్తర్ మాజీ కలెక్టర్ బి.డి.శర్మ. ప్రభుత్వం తరఫున నిర్మలా బుచ్, ఎస్.కె.మిశ్రా. జైళ్ళలో ఉన్నవాళ్ళ కేసులు సమీక్షించడానికి బుచ్ అధ్యక్షతన కమిటీ వేస్తామన్నారు. మే 3న కలెక్టర్ బయటికొచ్చాడు. అంతకుముందు ఏడాది మల్కనగిరి కలెక్టర్ వినీల్ కృష్ణ విషయంలోనూ మధ్యవర్తుల్లో హరగోపాల్ ఉన్నారు.

ఈ రాయబారాల కథ మన ఏజెన్సీలో పాతదే. 1987 డిసెంబర్‌లో తూర్పు గోదావరి గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ వాళ్ళు ఐఏఎస్ అధికారుల్ని పట్టుకుపోతే, ఎన్టీఆర్ ప్రభుత్వం రాజమండ్రి జైల్లోని నక్సలైట్లని వదిలి విడిపించుకుంది. ఆ బందీల్లో ఒకరు ఎస్.ఆర్.శంకరన్. పదేళ్ళకి 1997లో ఆయనే పౌర స్పందన వేదిక పెట్టి, రెండు వైపుల హింసా ఆగాలని తిరిగాడు. 2004లో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయంటే దాని వెనక ఆ తిరుగుడు చాలానే ఉంది. తనని బంధించినవాళ్ళతో మళ్ళీ మాట్లాడటం నాలాంటివాడి వల్ల అయ్యే పని కాదు.

ఇక హరగోపాల్ సంగతి. 2022 ఆగస్టులో ములుగు జిల్లా తాడ్వాయి స్టేషన్లో 152 మంది మీద ఉపా కేసు రాశారు. అందులో ఆయన పేరుంది. ఈ సంగతి 2023 జూన్ దాకా బయటికి రాలేదు. వచ్చాక గొడవైతే, ఆయన మీద కేసు ఎత్తేయమని ముఖ్యమంత్రి కేసీఆర్ డీజీపీకి చెప్పారు.