ఆనందపురం దాకా రాని పని

ఆరోగ్య కేంద్రాల లెక్కలను కంప్యూటర్‌లోకి తెచ్చే ఆ పని రాష్ట్రమంతా పాకి ఉంటే మా ఆనందపురం ఆరోగ్య కేంద్రానికీ వచ్చేది. రాలేదు. దారిలోనే అణగారిపోయింది.

2000 చివర్లో చిత్తూరు జిల్లా కుప్పంలో మొదలైందది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి నియోజకవర్గం. ఆరోగ్య సమాచార వ్యవస్థల మీద పనిచేసే హిస్ప్ బృందం తొమ్మిది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అడుగుపెట్టింది. వర్ణవివక్ష ముగిసిన దక్షిణాఫ్రికాలో పుట్టి, ఓస్లో విశ్వవిద్యాలయం అండతో పెరిగిన బృందం. వాళ్ల సాఫ్ట్‌వేర్ డీహెచ్‌ఐఎస్ ఉచితం. అంతకన్నా విలువైంది వాళ్ల తీరు: నమూనా తయారుచేసి, రోజూ లెక్కలు రాసేవాళ్ల ముందు పెట్టి, వాళ్లు చెప్పినట్టు దిద్దడం. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఐదుగురి చేత వాడించి చూస్తే చాలు, లోపాల్లో ఎక్కువ భాగం బయటపడుతుందని సాఫ్ట్‌వేర్ వాడుక తీరును పరిశీలించే నిపుణుడు యాకబ్ నీల్సన్ ఎప్పుడో చెప్పాడు. ఒక ఏఎన్‌ఎం (ఉపకేంద్రం నర్సు), ఒక కంప్యూటర్, పక్కన మాట్లాడకుండా గమనించే మనిషి. ఆమె వేలు ఎక్కడ తడబడితే తప్పు అక్కడుంది. ఆ తప్పు ఆమెది కాదు, తెరది.

మైదాన ప్రాంతంలో ఐదు వేల జనాభాకు ఒక ఉపకేంద్రం. గర్భిణుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, కుటుంబ నియంత్రణ రిజిస్టరు. అదే తల్లి పేరు ఇందులో, అందులో, మళ్లీ నెలవారీ నివేదికలో. ఇవన్నీ రాసే ఏఎన్‌ఎం చేతికి కాస్త ఊరట దొరకబోయింది, ఎంతో దగ్గరకొచ్చింది.

ఇంతలో హైదరాబాద్‌లో ఇంకో కల పెరిగింది. ప్రతి ఇంటి ఆరోగ్య వివరాలూ కంప్యూటర్‌లో ఎక్కాలన్నారు. దాని పేరు కుటుంబ ఆరోగ్య సమాచార వ్యవస్థ. కోట్ల మంది వివరాలు ఎక్కించడమే కాదు, పుట్టిన బిడ్డనల్లా, కాపురానికొచ్చిన కోడలినల్లా చేరుస్తూ పోవాలి. కుప్పం వాళ్లు తమ పనిని దానితో కలపడానికి తంటాలు పడ్డారు. 2004లో ప్రభుత్వం మారింది. పాత ప్రాధాన్యాలు పోయాయి. ఆ తర్వాత తొమ్మిది కేంద్రాల ఊసెత్తినవాళ్లు తక్కువ.

డీహెచ్‌ఐఎస్ రెండో తరం 2006లో కేరళలో తొలిసారి నడిచింది. ఇవాళ అది 70కి పైగా దేశాల్లో ఉంది. సాఫ్ట్‌వేర్ బతికింది, సంతోషమే. మనకు దక్కకుండా పోయింది మాత్రం ఏఎన్‌ఎం పక్కన కూర్చుని చూసే అలవాటు. అదే నాకు తీరని దుఃఖం.

2016లో మన ఆంధ్రప్రదేశ్‌లోనే మొదట ఏఎన్‌ఎంల చేతికి అన్‌మోల్ అనే యాప్‌తో ట్యాబ్ వచ్చింది. ఆ తర్వాత యాప్‌లు పెరిగాయి. ఒకే వివరం ఇంకెన్నిచోట్ల ఎక్కించాలని వాళ్లు అడుగుతూనే ఉన్నారు.