గొలుసు రంపం పదును: ఆకురాయి చేతులు మారిన చరిత్ర

ఉపోద్ఘాతం:
పనిముట్ల చరిత్ర సాధారణంగా వాటి ఆవిష్కర్తల చరిత్రగానే రచింపబడుతున్నది. పనిముట్టుకు పదును పెట్టేవారెవరన్న ప్రశ్న అంతగా చర్చకు రాదు. అమెరికా వాయవ్య తీరంలోని కలప పరిశ్రమలో చెట్టును కోసేవాడు, రంపానికి పదును పెట్టేవాడు మొదట వేర్వేరు వ్యక్తులు. తరువాత ఆ రెండు పనులూ ఒకే చేతికి వచ్చాయి. ఆ మార్పును పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

పదునుకు ప్రత్యేక నిపుణుడు:
1930ల నాటికి కూడా అక్కడి మహావృక్షాలను ప్రధానంగా ఇద్దరు చెరొకవైపు పట్టి లాగే పొడవాటి రంపాలతోనే కూల్చేవారు. ఆ రంపంలో కోతపళ్లు కలప నారలను తెంచితే, వాటి మధ్యనున్న గోకుడుపళ్లు తెగిన నారను బయటికి లాగేవి. గోకుడుపళ్లు కోతపళ్లకంటే వెంట్రుకవాసి పొట్టిగా ఉండాలి. పళ్ల ఎత్తు సమం చేయడం, వాటిని ఇరువైపులకు వంచడం, ఆకురాయితో అంచు తీర్చడం దీర్ఘకాలం నేర్వవలసిన విద్య. అందువల్ల కలప శిబిరాలలో ఈ పనికే ఒక నిపుణుడు, అతనికి వెలుతురు బాగా పడే ఒక పాక ఉండేవి.

యంత్రం, పురుగు:
జర్మనీలో ఆండ్రియాస్ ష్టీల్ 1926లో విద్యుత్తుతో, 1929లో పెట్రోలుతో నడిచే గొలుసు రంపాలను రూపొందించాడు. అయితే ఆనాటి గొలుసుల పళ్లు చేతిరంపం పళ్లకు అనుకరణలే. అవి త్వరగా మొద్దుబారేవి. పదును పెట్టడానికి పాత నైపుణ్యమే కావలసివచ్చేది.

1946లో ఒరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప పనివాడు ఒక చెట్టు మోడులో కలపను తొలిచే పురుగు లార్వాను గమనించాడు. అది దవడలను ఎడమకూ కుడికీ ఆడిస్తూ నారకు నిలువుగానూ అడ్డంగానూ తొలుచుకుపోతున్నది. ఆ దవడలు నమూనాగా వంపు పళ్లను ఎడమ, కుడి వరుసలలో అమర్చి అతడు కొత్త గొలుసు చేశాడు. 1947లో పోర్ట్‌లాండ్‌లో దాని తయారీ సంస్థ వెలసింది.

పనివాడి చేతిలో ఆకురాయి:
పంటి లోపలి వంపునకు గుండ్రని ఆకురాయి చాలు. సాధారణంగా 25 నుంచి 35 డిగ్రీల కోణంలో, లోపలినుంచి వెలుపలికి, ప్రతి పంటికీ సమాన సంఖ్యలో తోయాలి. ఒకవైపు పళ్లు పొట్టివైతే కోత వంకర పోతుంది. పంటి ముందు లోతును అదుపు చేసే బొడిపె అంచుకంటే సుమారు 0.6 మి.మీ. దిగువన ఉండాలి. దానిని అతిగా అరగదీస్తే పన్ను మితిమీరి దిగి, రంపం మనిషిమీదికి ఎగదన్నే ప్రమాదం పెరుగుతుంది. పాతరంపం నాటి వెంట్రుకవాసి లెక్క ఇక్కడ కొత్త రూపంలో నిలిచింది.

ముగింపు:
యంత్రం నైపుణ్యాన్ని హరిస్తుందన్న అభిప్రాయం ఈ సందర్భంలో పాక్షిక సత్యమే. పాకలోని నిపుణుని వృత్తి అంతరించింది. కాని అతని విద్యలో కొంత భాగం సరళమై, ప్రతి కోతగాని చేతికీ చేరింది. పేళ్లు రాలితే పదునున్నదనీ, పొడి రాలితే మొద్దుబారిందనీ అతడే గుర్తించాలి. విద్యతోపాటు బాధ్యత కూడా చేతులు మారింది. నాడు పదును లోపిస్తే కోతగానికి శ్రమ పెరిగేది. నేడు ఆకురాయి తప్పితే అతని ప్రాణానికే ముప్పు.