త్సూ హాంగ్: ఒక పాత పడవ, దాన్ని వదలని ఆలుమగలు

ఇంతవరకు మనం వలసల గురించి, ఇంటిపేర్ల గురించి, పాత దస్తావేజుల గురించి రాస్తా వచ్చాం. ఈసారి సముద్రం మీదికి పోదాం. కోలారు సీమలో చెరువులు తప్ప సముద్రం ఎక్కడిది అని మనవాళ్లు నవ్వొచ్చు. నవ్వినా ఫరవాలేదు. పాతదాన్ని నిలుపుకోవాలంటే ఏం చెయ్యాలి, ఎంతవరకు చెయ్యాలి అనే ప్రశ్న మన ఇళ్లన్నిట్లో ఉంది. దానికి ఒక పడవ చరిత్రలో మంచి జవాబు దొరుకుతుంది.

పడవ పేరు త్సూ హాంగ్. 1938లో హాంకాంగ్‌లో టేకుతో కట్టారు. పొడవు 46 అడుగులు, రెండు తెరచాప కొయ్యలు. చైనావాళ్లు కరుణాదేవతగా కొలిచే క్వాన్ యిన్ పడవ పేరునే దీనికి పెట్టారు. యుద్ధం అయిపోయిన కొన్నేళ్లకు ఇంగ్లండులో దీన్ని కొన్నవాళ్లు మైల్స్ స్మీటన్, ఆయన భార్య బెరిల్.

ఈ ఇద్దరికీ మన దేశంతో సంబంధం ఉంది. మైల్స్ ఇండియన్ ఆర్మీలో హాడ్సన్స్ హార్స్ అనే గుర్రపు దళంలో అధికారి. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోరాడి బ్రిగేడియర్ అయ్యాడు. బెరిల్ పెళ్లికి ముందే పర్షియా, చైనా, దక్షిణ అమెరికా దేశాలు ఒంటరిగా తిరిగిన మనిషి. ఇద్దరూ 1938లో పెళ్లి చేసుకున్నారు. మరుసటి ఏడే హిందూకుష్‌లోని తిరిచ్ మీర్ కొండ ఎక్కడానికి పోయారు. శిఖరం అందలేదు. ఆ ప్రయాణంలో వాళ్లతో ఉన్న షెర్పాల్లో ఒకరు టెన్జింగ్ నార్గే. తర్వాత 1953లో ఎవరెస్టు ఎక్కింది ఆయనే.

యుద్ధం తర్వాత స్మీటన్లు కెనడా పడమటి తీరంలోని సాల్ట్‌స్ప్రింగ్ ద్వీపంలో పొలం చేసుకుంటా ఉన్నారు. వాళ్ల డబ్బు మాత్రం ఇంగ్లండులో ఇరుక్కుపోయింది. ఆ కాలంలో ఇంగ్లండు నుంచి డబ్బు బయటికి తీసుకుపోవడానికి గట్టి కట్టుబాట్లు ఉండేవి. అందుకని అక్కడే ఒక పడవ కొని, అందులోనే కెనడా చేరి, అక్కడ అమ్మేస్తే సరిపోతుందని లెక్క వేశారు. పడవ నడపడం ఇద్దరికీ రాదు. నేర్చుకుంటా నేర్చుకుంటా, చిన్నపిల్ల క్లియోతో సహా కెనడా చేరారు. పడవను మాత్రం అమ్మలేకపోయారు. 1955లో దాని మీదే మళ్లీ బయలుదేరారు.

కొయ్య పడవ పని ఎట్లా ఉంటుందో ఇక్కడ కొంచం చెప్పాలి. పలకకూ పలకకూ మధ్య సందు ఉంటుంది. అందులో నూలు కూరి, పైన లప్పం లాంటిది మెత్తుతారు. నీళ్లలో ఉంటే చెక్క ఉబ్బి సందు బిగుస్తుంది, ఎండలో ఉంటే ఎండి విడిపోతుంది. వెచ్చని సముద్రాల్లో చెక్కను తొలిచే పురుగు ఒకటుంది. బయటికి సన్నని బొక్క తప్ప ఏమీ కనపడదు, లోపల మాత్రం పలక జల్లెడ అయిపోతుంది. అందుకని పడవను అప్పుడప్పుడు గట్టుకు లాగి, అడుగున పేరుకున్న నాచూ గవ్వలూ గీకి, విషం కలిపిన రంగు పూయాలి. కొయ్యల్ని నిలబెట్టే తీగలు తుప్పు పడతాయి, తెరచాప కుట్లు ఎండకు చివికిపోతాయి. అన్నీ బాగున్న ఏడాదిలో కూడా ఈ పనికి సెలవు లేదు. ఇద్దరే ఉంటే ఇద్దరికీ అన్ని పనులూ రావాలి.

యానాం వైపు మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. పక్కనే ఉన్న కోరింగ ఒకప్పుడు ఓడలు కట్టే చోటు, బాగు చేసే చోటు. కలకత్తాకూ ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడలను మరమ్మత్తుకు ఒడ్డున చేర్చగలిగిన తావు అదొక్కటే అని పాత గెజెటీర్ చెబుతుంది. 1839 తుపాను ఆ ఊరిని ముంచేసింది. తర్వాత రేవు కూడా పూడుకుపోయింది. అయినా ఆ చుట్టుపక్కల పడవ పని చేసే చేతులు ఉండనే ఉన్నాయి.

స్మీటన్ల దగ్గరికి వద్దాం. క్లియో చదువుకని ఇంగ్లండు పోయింది. ఆమెను కలుసుకోవాలని 1956 డిసెంబర్‌లో ఇద్దరూ మెల్‌బోర్న్ నుంచి బయలుదేరారు. దక్షిణ అమెరికా కొన అయిన కేప్ హార్న్ చుట్టి పోవాలని ఆలోచన. తోడు జాన్ గజ్వెల్ అనే కుర్రవాడు. తన చేత్తో కట్టుకున్న 20 అడుగుల ట్రెక్కా అనే పడవను న్యూజీలాండులో వదిలి వీళ్లతో వచ్చాడు. ప్వే అనే పిల్లి కూడా పడవలో ఉంది.

1957 ఫిబ్రవరి 14. తెరచాపలన్నీ దించేసి, వేగం తగ్గడానికి వెనకాల 360 అడుగుల లావుపాటి మోకును నీళ్లలో ఈడ్చుకుంటా గాలివాటున పోతా ఉన్నారు. చుక్కాని దగ్గర బెరిల్, లోపల మగవాళ్లిద్దరు. వెనక నుంచి గోడలాంటి అల ఒకటి వచ్చింది. పడవ తోక పైకి లేచి, ముక్కు మీదుగా పల్టీ కొట్టింది. బెరిల్ నడుముకు కట్టుకున్న తాడు తెగి సముద్రంలో పడింది. పడవ మళ్లీ నిటారుగా లేచేసరికి రెండు కొయ్యలూ లేవు, డెక్కు మీది గదీ లేదు. గది ఉన్న చోట ఆరడుగుల బొక్క. లోపల నడుముల దాకా నీళ్లు. బెరిల్ గాయాలతోనే ఈది, విరిగిన కొయ్యల దగ్గరికి చేరితే ఇద్దరూ ఆమెను పైకి లాగారు. లాగిన వెంటనే ముగ్గురూ బకెట్లు పట్టుకున్నారు. గంటల తరబడి నీళ్లు తోడారు.

గజ్వెల్ వడ్రంగం తెలిసినవాడు కావడం వాళ్ల అదృష్టం. బొక్క మీద పలకలూ గుడ్డా కప్పి మేకులు కొట్టాడు. పడవలో దొరికిన చెక్కలతోనే పొట్టి కొయ్య ఒకటి తయారు చేశాడు. దానికి చిన్న చాప కట్టి వెయ్యి మైళ్లకు పైగా నడిపి మార్చి నెలలో చిలీలోని కొరొనెల్ రేవు చేరారు. పిల్లి కూడా బతికింది. అక్కడి నుంచి తల్కావానోలోని చిలీ నౌకాదళం యార్డుకు తీసుకుపోయారు. గజ్వెల్ తన పడవ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆలుమగలు ఆ ఏడాదిలో చాలా భాగం అక్కడే ఉండి పడవను తిరిగి కట్టించారు. కొయ్యలు కొత్తవి, డెక్కు మీది గది కొత్తది. మేను మాత్రం అదే టేకు.

1957 డిసెంబర్‌లో ఇద్దరే మళ్లీ హార్న్ వైపు బయలుదేరారు. క్రిస్‌మస్ మరుసటి రోజు మళ్లీ తుపాను. ఈసారి మోకు ఈడ్చలేదు. చాపలు దించి, చుక్కాని కట్టేసి, పడవను దాని పాటికి వదిలేసి లోపల పడుకున్నారు. పడవ పక్కకు దొర్లి పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. కొయ్యలు మళ్లీ పోయాయి. గజ్వెల్ లేడు. ఉన్నవాటితో ఆలుమగలే కొయ్య కట్టి వాల్పరాయిసో చేరారు.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్లకు ఈ రెండు ప్రమాదాలు మరచిపోలేని పాఠం. మొదటిసారి ఒక పద్ధతి, రెండోసారి దానికి పూర్తిగా ఎదురు పద్ధతి, రెండింటిలోనూ పడవ బోల్తా పడింది. పద్ధతిదే తప్పు అని తేల్చడానికి వీల్లేదు. కొన్ని అలలకు ఏ పద్ధతీ పని చెయ్యదు. అలాంటప్పుడు చూడాల్సింది వేరే. పడిన తర్వాత వస్తువు తిరిగి లేస్తుందా, లేచాక బాగు చెయ్యడానికి చేతులూ సామానూ ఉన్నాయా. త్సూ హాంగ్ రెండుసార్లూ లేచింది. రెండుసార్లూ చేతులు ఉన్నాయి. మైల్స్ రాసిన పుస్తకం 1959లో వచ్చింది. పేరు 'వన్స్ ఈజ్ ఎనఫ్', అంటే ఒక్కసారి చాలు అని. నవలా రచయిత నెవిల్ షూట్ దానికి ముందుమాట రాశాడు. తుపానులో చిన్న పడవలను ఎట్లా కాపాడుకోవాలి అని చర్చించేవాళ్లు ఇప్పటికీ ఈ రెండు సంఘటనలను ఎత్తుతారు.

రెండోసారి తర్వాత వాళ్లు పంతానికి పోలేదు. పడవను సరుకు ఓడలో ఎక్కించి ఇంగ్లండు చేర్చి, మళ్లీ బాగు చేయించారు. తర్వాత పదేళ్లు అదే ఇల్లు. ఎర్రసముద్రం, హిందూ మహాసముద్రం దాటి జపాన్ దాకా, అక్కడి నుంచి అల్యూషియన్ దీవుల మీదుగా కెనడా దాకా తిరిగారు. 1968 డిసెంబర్‌లో, బాబ్ నాన్స్ అనే యువకుడి తోడుతో, ఈసారి తూర్పు నుంచి పడమటికి కేప్ హార్న్ దాటారు. అప్పటికి ఇద్దరికీ అరవై దాటింది, పడవకు ముప్పై ఏళ్లు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ముత్తాతల నాటి మిద్దె గురించి పెద్దనాయన వాళ్లకూ చిన్నాయన వాళ్లకూ మధ్య రెండేళ్లుగా మాట నడుస్తా ఉంది. దూలాలకు చెదలు, ఒక గోడకు చీలిక. ఉన్నది ఉన్నట్టే ఉంచాలి, ఒక్క రాయి కదిపినా అది తాత ఇల్లు కాదు అనేది ఒక పక్షం. ఎట్లాగూ కూలుతుంది, అమ్మేద్దాం అనేది ఇంకో పక్షం. త్సూ హాంగ్ కొయ్యలన్నీ మారిపోయాయి, డెక్కు గది మారింది, చాపలు ఎన్నిసార్లు మారాయో లెక్కే లేదు. దాన్ని ఎవరూ వేరే పడవ అనలేదు. మేను నిలిచింది, నడిపేవాళ్లు వదల్లేదు. దూలం మార్చడం పాపం కాదు, చెదలు పట్టినాక చూడకుండా పోవడమే నష్టం అని మేమంటాం.

మా భాష కూడా అట్లాంటిదే. మేము చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో అవ్వ దగ్గర దిద్దాం. మరమ్మత్తు అనాల్సిన చోట మా నోట 'దురస్తి' వస్తుంది. మా తెలుగులో ఎన్నో పలకలు కన్నడం చెక్కే. హైదరాబాదు బంధువులు నవ్వుతారు. అయినా ఆ మాటలతోనే పిల్లల్ని కోప్పడతాం, ఆ మాటలతోనే పెద్దలకు దండం పెడతాం. పలకలు మారినా నీళ్లు లోపలికి రాకుండా ఉంటే అది పడవే.

నిలుపుకోవడం అంటే ఎప్పటికీ గుప్పిట్లో పెట్టుకోవడం కాదు అనేది కూడా స్మీటన్ల దగ్గరే చూడొచ్చు. హార్న్ దాటాక కొన్నాళ్లకు వాళ్లు సముద్రం మానేశారు. పడవను తమతో హార్న్ దాటిన బాబ్ నాన్స్‌కే ఇచ్చారు. తర్వాతి కాలంలో అది చేతులు మారి, మాదకద్రవ్యాల వ్యవహారంలో అమెరికా ప్రభుత్వం జప్తులోకి పోయింది. చివరికి పోర్టోరికోలో ముక్కలైపోయింది. రెండు తుపానుల్లో చావని పడవ, చూసుకునే మనిషి లేక చచ్చింది.

ఆలుమగలు కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో కాక్రేన్ ఊరి దగ్గర భూమి కొని, ఆ దేశంలో పూర్తిగా కనుమరుగైన స్విఫ్ట్ ఫాక్స్ అనే చిన్న నక్కను తిరిగి పెంచే పని మొదలుపెట్టారు. బెరిల్ 1979లో పోయింది. 1983లో మొదటి నక్కలను గడ్డిమైదానంలోకి వదిలారు. మైల్స్ 1988లో పోయాడు. ఈ రోజు ఆ నక్కలు అక్కడ వాటంతట అవే పిల్లలు పెడుతున్నాయి.

మీ ఇళ్లలో ఇంకా వాడుకలో ఉన్న పాత వస్తువు ఏదైనా ఉంటే, అది ఎన్నేళ్లదో రాసి పెట్టుకోవడం మంచిదే. దాన్ని ఎప్పుడెప్పుడు ఎవరు బాగు చేశారో, ఏ భాగం మార్చారో కూడా పక్కన రాయండి. మన పత్రాల్లో కట్టించినవాళ్ల పేర్లు ఉంటాయి. దురస్తి చేసిన వడ్రంగుల పేర్లు మాత్రం ఎక్కడా దొరకవు. పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకుందాం.