భోషాణం నుంచి బల్ల దాకా: సైబరాబాద్‌లో ఇనుమూ కొయ్యా

ఉక్కు కాళ్ల మీద నగిషీ చెక్కిన కొయ్య పలక కూర్చిన బల్లలు, కుర్చీలు హైటెక్ సిటీ చుట్టుపక్కల కొత్త మోజుగా కనిపిస్తాయి. ఇనుమునూ కొయ్యనూ ఒకే వస్తువులో కలపడం మాత్రం తెలుగు పల్లెకు పాత పనే. ఎడ్లబండి చక్రాన్ని చూస్తే చాలు. వడ్రంగి నల్లతుమ్మ కొయ్యతో నాభి, ఆకులు, చుట్టూ వంపు ముక్కలు చెక్కి కూర్చేవాడు. కమ్మరి ఇనుప పట్టాను చక్రం కొలత కన్నా కాస్త తక్కువగా చేసి, మంటలో ఎర్రగా కాల్చేవాడు. వేడికి సాగిన పట్టాను చక్రానికి తొడిగి నీళ్లు గుమ్మరిస్తే, అది ముడుచుకుంటూ ప్రతి ఆకునూ నాభిలోకి బిగించేది. వడ్రంగి చేతిలోని ఉలి, బాడిస కూడా కమ్మరి కొలిమిలో పుట్టినవే. విశ్వకర్మల ఐదు వృత్తుల్లో కమ్మరం, వడ్రంగం తోబుట్టువుల లాంటివి.

ఉత్తర తెలంగాణ ఉక్కు ఒకప్పుడు దేశాలు దాటింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుమును కరిగించి ఉక్కు ముద్దలు తీసేవారు. 1820 ప్రాంతంలో అక్కడికి వెళ్లిన ఆంగ్లేయ భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్‌సీ, ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుణ్ణి చూసి ఆ సంగతి రాసిపెట్టాడు. డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డవాటికి ఇలాంటి ఉక్కే ఆధారం. అంత విలువైన లోహం ఇంటి సామానుకు దక్కలేదు. చిన్న చిన్న ముద్దలుగా దొరికే ఉక్కు కత్తికి పనికొస్తుంది గాని మంచం కోడుకు కాదు. ఇంట్లోకి వచ్చింది మామూలు కమ్మరి ఇనుమే: తలుపు బందులుగా, గొళ్లేలుగా, భోషాణానికి చుట్టిన పట్టీలుగా. నేల మీద కూర్చొని, నేల మీద తిని, నేల మీద పడుకునే ఇళ్లలో పీట, మంచం, భోషాణం తప్ప పెద్ద ఫర్నిచర్ లేదు. అందుకే భోషాణం మీద ఇద్దరు పనివాళ్లూ అంత శ్రద్ధ పెట్టారు. నగిషీ వడ్రంగిది, కాపలా కమ్మరిది.

కుర్చీలూ మేజాలూ దేవిడీలకు, ప్యాలెస్‌లకు యూరప్ పద్ధతిలో వచ్చాయి. 101 మంది ఒకేసారి భోంచేయగల ఫలక్‌నుమా ప్యాలెస్ బల్ల ఆ కాలపు అభిరుచికి గుర్తు. ఆ వైభవం కొద్దిమందిదే. సామాన్యుల ఇంటిని మార్చింది కర్మాగారం. నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి 1942లో హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను స్థాపించాయి. సనత్‌నగర్‌లోని ఆ కర్మాగారం స్టీలు ఫర్నిచర్, బస్సు బాడీలు, ఆ తర్వాత రిఫ్రిజిరేటర్లు, గడియారాలు తయారు చేసింది. చెద పట్టని, తాళం గట్టిగా పడే స్టీలు బీరువా ముందు భోషాణం వెనకబడింది. రేకు వంచే యంత్రానికి వడ్రంగితో పని లేదు. తరతరాలుగా పక్కపక్కనే ఉన్న రెండు వృత్తులను విడదీసింది పేదరికం కాదు, ఈ సౌకర్యమే. 1990లలో ఆల్విన్ రిఫ్రిజిరేటర్ల విభాగం వోల్టాస్‌కు చేరింది. కర్మాగారం పేరు మాత్రం ఆల్విన్ కాలనీలో, మియాపూర్ ఆల్విన్ చౌరస్తాలో ఇప్పటికీ వినిపిస్తుంది.

మాదాపూర్‌లో హస్తకళల కోసం 1992లో శిల్పారామాన్ని తలపెట్టారు. దాని ఎదుట 1998లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ లేచింది. కళాగ్రామం ముందు రావడం, దానికి కొనుగోలుదారులు కాబోయే ఉద్యోగులు తర్వాత రావడం ఈ చోటుకు కలిసొచ్చింది. శిల్పారామం మేళాల్లో నిర్మల్, కొండపల్లి, ఏటికొప్పాక పనితో పాటు సహారన్‌పూర్ చెక్కడపు ఫర్నిచర్ కూడా అమ్మకానికి వస్తుంది. మరోపక్క, బాలానగర్ షెడ్లలో గొట్టాలు వంచే, వెల్డింగ్ చేసే చేతులున్నాయి. అక్కడే 1968 నుంచి కేంద్ర పరికరాల రూపకల్పన సంస్థ పనిముట్ల తయారీ నేర్పుతోంది. చెక్కినదీ వెల్డింగ్ చేసినదీ ఒకే బల్లలో కలవడానికి కావలసినవన్నీ కొద్ది కిలోమీటర్లలోనే ఉన్నాయి.

కలపడంలోనే అసలు నేర్పు ఉంది. వానాకాలపు చెమ్మకు పలక అడ్డంగా ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుంటుంది; ఉక్కుకు చెమ్మతో అలాంటి మార్పు లేదు. పలకను ఉక్కుకు పట్టించే మరను కదలకుండా బిగిస్తే ఒకటి రెండు వేసవులకే పలక పగలవచ్చు. అందుకని తెలిసిన పనివాడు ఉక్కు పట్టీలో గుండ్రటి రంధ్రానికి బదులు పొడవాటి గాడి కోస్తాడు. పలక కదిలినా మర దానితో పాటే జరుగుతుంది. రెండో చిక్కు రంగుది. తుమ్మ, టేకు వంటి కొయ్యలోని వగరు పదార్థం తడిలో ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. ఉక్కుకు ముందే పూత పెట్టడం, రెంటి మధ్య పలుచని అడ్డు ఉంచడం దీనికి మందు. పాత బండి చక్రాల మీద పట్టా పక్కన కొయ్యలోకి ఇంకిన నల్లటి చార ఈ కలయికదే.